ఆ జల్లెడ కన్నాలు ఎంత పెద్దవి?

సంపాదకులకు నమస్కారం.

ఎడారిలో ఒంటరిగా నడకకు వెళ్లి తిరిగిరాని మనిషి గురించి వార్త వచ్చినప్పుడల్లా పత్రికల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: ‘ఆ ప్రాంతాన్నంతా జల్లెడ పట్టినా ఆచూకీ లభించలేదు.’ ఆ వాక్యం రాసిన విలేకరిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అక్కడి అధికారులు చెప్పినదే ఆయన రాసి ఉంటారు. అయితే 30 ఏళ్లకు పైగా భూమి కొలతలతో, పటాలతో పనిచేసినవాణ్ణి కనుక ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒకే ప్రశ్న కలుగుతుంది: ఆ జల్లెడ కన్నాలు ఎంత పెద్దవి? తప్పిపోయిన మనిషి సకాలంలో దొరకడమా, ఏళ్ల తరబడి దొరక్కపోవడమా అన్నది చాలాసార్లు దీనికి వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే కొంత వివరంగా రాయడానికి మీ పత్రికలో చోటు కోరుతున్నాను.

ముందు కన్నాల లెక్క చూద్దాం. ఒక చదరపు కిలోమీటరు నేలను 20 మీటర్ల ఎడంతో వరుసలుగా నడుస్తూ గాలించాలంటే, గాలించేవారంతా కలిసి 50 కిలోమీటర్లు నడవాలి. కారు నిలిపిన చోటి నుంచి 10 కిలోమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే అందులో పడే నేల 314 చదరపు కిలోమీటర్లు. దాన్నంతా అదే ఎడంతో నడవాలంటే 15,700 కిలోమీటర్లు. అమెరికాలో కాలిఫోర్నియా దక్షిణాన ఉన్న జాషువా ట్రీ జాతీయ పార్కు ఒక్కటే దాదాపు 3,200 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. పైగా అక్కడి నేల చదునైన ఇసుక మైదానం కాదు. ఇళ్లంత బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుట్టలు, వాటి మధ్య సందులు, ముళ్ల పొదలు, వాగుల కోతలు నిండిన ఆ నేలమీద 10 మీటర్ల అవతల పడి ఉన్న మనిషి కూడా కనిపించకపోవచ్చు. ఎంతమంది వచ్చినా, ఎన్ని రోజులు తిరిగినా అంతటి నేలను నిజంగా జల్లెడ పట్టడం జరిగే పని కాదు. ఎక్కడ సన్నని జల్లెడ వాడాలో, ఎక్కడ ముతక జల్లెడతో సరిపెట్టుకోవాలో తేల్చుకోక తప్పదు. ఆ తేల్చుకోవడం పటం ముందు కూర్చుని, నేల తీరు చదివి చేయవలసిన పని.

పటం మీద పెట్టే తొలి గుర్తు, ఆ మనిషి చివరిసారిగా ఉన్నాడని రూఢిగా తెలిసిన చోటు. ఎవరైనా చూసిన చోటు కావచ్చు, కారు నిలిపిన చోటు కావచ్చు, కొండ కొసన ఉంచిన సందర్శకుల పుస్తకంలో చేసిన సంతకం కావచ్చు. దాని చుట్టూ వృత్తం గీయడం అందరికీ తట్టే పనే గాని, నేల మనిషిని అన్ని వైపులకూ సమానంగా పోనివ్వదు. స్కాట్లాండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లోనే ఒక లెక్క చెప్పాడు: మూడు మైళ్ల నడకకు ఒక గంట, పైకెక్కే ప్రతి 2,000 అడుగులకు మరొక గంట. భూగోళ శాస్త్రవేత్త వాల్డో టోబ్లర్ 1993లో వాలును బట్టి నడక వేగం మారే సూత్రం ఇచ్చాడు. దాని ప్రకారం చదును నేల మీద గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడిచే మనిషి, 5 శాతం వాలులో దిగుతున్నప్పుడు 6 కిలోమీటర్లు నడుస్తాడు. వాలు అంతకంటే పెరిగితే ఎక్కడమైనా దిగడమైనా వేగం తగ్గిపోతుంది. ఈ సూత్రాన్ని ఎత్తుపల్లాల సమాచారానికి అన్వయిస్తే, వాగుల వెంట వేళ్లలా సాగి, నిటారు చరియల దగ్గర ముడుచుకుపోయిన ఆకారం ఒకటి పటం మీద తేలుతుంది. మనిషి ఆ గంటల్లో నిజంగా చేరగలిగిన నేల అది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల సమాచారం 30 మీటర్ల గడులుగా ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది కనుక, దీనికి పెద్ద సంస్థ అండ కూడా అక్కర్లేదు.

దూరం సంగతి అలా ఉంచి దిక్కు సంగతికి వద్దాం. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. దారి తప్పడం ఎక్కడపడితే అక్కడ జరగదు. నేల ఆకారమే మనిషిని పొరబాటులో పడేసే చోట్లు కొన్ని ఉంటాయి, వాటిని పటం మీద ముందుగానే వేలు పెట్టి చూపవచ్చు. కొండ వెన్నులు పైకి పోయేకొద్దీ ఒకదానితో ఒకటి కలుస్తాయి, కిందికి వచ్చేకొద్దీ పాయలుగా విడిపోతాయి. అందువల్ల ఏ పాయ పట్టుకుని ఎక్కినా శిఖరం చేరతాం గాని, దిగేటప్పుడు మొదటి కొన్ని అడుగుల్లో కాస్త పక్కకు ఒరిగితే చాలు, వేరే పాయ పట్టుకుని, కారు నిలిపిన లోయ అనుకుంటూ దాని పక్క లోయలోకి దిగిపోతాం. వాగుల స్వభావం దీనికి సరిగ్గా తలకిందులు: దిగువకు పోయేకొద్దీ కలుస్తాయి, ఎగువకు పోయేకొద్దీ చీలుతాయి. పొద్దున ఎండు వాగులో దిగువకు నడిచిపోయిన మనిషి అటూ ఇటూ వచ్చి కలిసే పాయలను గమనించనైనా గమనించడు, ఎందుకంటే అవి అతని దారిని ప్రశ్నించవు. సాయంత్రం అలసిపోయి, నీళ్లు అయిపోయి, అదే వాగులో ఎగువకు తిరిగి వస్తున్నప్పుడు పొద్దున చూడని ఆ కలయికల్లో ప్రతి ఒక్కటీ అతని ముందు రెండు దారుల కూడలిగా నిలుస్తుంది. రెండు దారులూ ఒకేలా ఇసుకతో, ఒకేలా రాళ్లతో ఉంటాయి.

గాలింపు బృందాలు సాధారణంగా తప్పిపోయిన మనిషి వెళ్లిన దారిని వెళ్లిన దిశలోనే నడిచి చూస్తాయి. అది అవసరమే. కాని అతను పొరబడిన చోటు దొరకాలంటే అదే దారిని తిరుగు దిశలో, అతను తిరిగి వస్తూ ఉండగల వేళలో, అదే ఎండవాలులో నడిచి చూడాలి. నీడలు సాగిన ఆ వేళ, పడమటి వెలుగు కళ్లలో పడుతుండగా, ఏ చీలిక అసలు దారిలా కనిపిస్తుందో పటం కొంతవరకే చెప్పగలదు. మిగతాది అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. పటం చేసే మేలు ఏమిటంటే, నిలబడి చూడవలసిన కూడళ్లు ఏవో ముందే చెబుతుంది.

పటాన్ని నమ్మడంలో కూడా ఒక జాగ్రత్త ఉంది. అమెరికా జియలాజికల్ సర్వే వారి 1:24,000 స్కేలు పటాల్లో పక్కపక్కనున్న కాంటూరు రేఖల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా చాలా చోట్ల 40 అడుగులు. అంటే 30 అడుగుల నిటారు రాతి మెట్టు ఒకటి ఆ రెండు రేఖల నడుమ ఏ గుర్తూ లేకుండా ఉండిపోగలదు. ఎడారి వాగుల్లో ఇలాంటివి, వరద వచ్చినప్పుడు మాత్రమే నీరు దూకే ఎండు జలపాతాలు, ఎన్నో ఉంటాయి. వరద నునుపు చేసిన ఆ రాతి మీద పట్టు దొరకదు. కిందికి జారి దిగిన మనిషి వెనక్కి ఎక్కలేడు, ముందుకు పోతే మరొక మెట్టు అంతకంటే ఎత్తుగా ఎదురవుతుంది. పటం చూసి ఇది సులువైన వాగే, ఇందులో చిక్కుకునేదేముంది అనుకుని ఆ లోయను పక్కన పెట్టేస్తే, రెండు రాతి మెట్ల మధ్య నిలిచిపోయిన మనిషిని వదిలేసినవాళ్లమవుతాం.

ఎండ సంగతి మరొకటి. ఎడారి వేడిలో నడిచే మనిషి శరీరం గంటకు లీటరు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ చెమట కోల్పోతుంది. నీళ్లు అయిపోయాక అతను వెతికేది దారిని కాదు, నీడను. ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటే బండల పక్కన నీడ పెద్దగా మిగలదు. ముందుకు పొడుచుకొచ్చిన రాతి కిందా, గుహల్లోనూ, పొదల అడుగునా మాత్రమే ఉంటుంది. అతన్ని కాపాడే ఆ నీడే పైనుంచి చూసే హెలికాప్టర్ కంటికి అతన్ని కనిపించకుండా చేస్తుంది. అంటే మనిషి ఉండే అవకాశం ఎక్కువున్న చోట్లే ఆకాశం నుంచి కనిపించే అవకాశం తక్కువున్న చోట్లు. ‘హెలికాప్టర్లతో గాలించారు’ అన్న మాట చదివి గుండె నిబ్బరం చేసుకునే కుటుంబాలకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

ఇప్పుడు జల్లెడ దగ్గరికి తిరిగి వస్తాను. నా ఉద్యోగపు తొలి రోజుల్లో ఒక పాత సర్వే రాయి కోసం చిన్న పొదల దిబ్బ మీద రెండుసార్లు తిరిగి, లేదని నా పుస్తకంలో రాసేశాను. మూడోసారి మా పెద్దాయన సూర్యోదయం వేళ నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. నేను రెండుసార్లూ అడుగు వేసిన చోటికి రెండు మూరల దూరంలోనే రాయి ఉంది. ఏటవాలు వెలుగులో దాని అంచు నీడ గీతలా కనిపించింది. ‘లేదు’ అని రాసిన పేజీలో ఆయన ఆ మాట కొట్టేసి ‘కనబడలేదు’ అని రాశారు. ఆ రెండు మాటల మధ్య తేడాను లెక్కలోకి ఎక్కించే శాస్త్రమే నేటి గాలింపు శాస్త్రం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళం కోసం గణిత శాస్త్రవేత్త బెర్నార్డ్ కూప్‌మన్ తదితరులు, సముద్రంలో జలాంతర్గాములను వెతకడానికి దీనికి పునాది వేశారు. అందులో ఒక లెక్క గుర్తుంచుకోదగినది. ఒక ప్రాంతమంతా చూపు ఆనేంత నడక సరిపోయినా, ఆ నడక పద్ధతిగా కాక అడ్డదిడ్డంగా సాగితే, అక్కడ ఉన్న వస్తువు కనబడే అవకాశం సుమారు 63 శాతమే. మిగిలిన 37 శాతం సందర్భాల్లో అది అక్కడే ఉండి మన కంటబడదు. అంతే శ్రమతో మరోసారి గాలిస్తే కనబడే అవకాశం మొత్తం మీద 86 శాతానికి చేరుతుంది, నూటికి నూరు మాత్రం కాదు.

దీన్ని పటం మీద ఎలా వాడతారో చిన్న ఉదాహరణతో చెబుతాను. మనిషి ఒక లోయలో ఉండే సంభావ్యత 60 శాతం, రెండో లోయలో 30, మిగతా నేలంతటిలో 10 అని అనుభవజ్ఞులు అంచనా వేశారనుకుందాం. మొదటి లోయను గాలించారు. అక్కడ ఉంటే కనబడే అవకాశం ఆ గాలింపు తీరుకు 50 శాతం. ఎవరూ కనబడలేదు. ఆ లోయను కొట్టేసి ముందుకు పోవడం తప్పు. దాని 60లో సగం, అంటే 30, ఇంకా అక్కడే మిగిలి ఉంది. కొత్త మొత్తం 70కి లెక్క సరిచేస్తే మొదటి లోయకు 43 శాతం, రెండో లోయకు 43 శాతం, మిగతా నేలకు 14 శాతం వస్తాయి. గాలించేసిన లోయ, ఇంకా అడుగు పెట్టని లోయ ఇప్పుడు సరిసమానం. మూడో రోజు బృందాన్ని ఎక్కడికి పంపాలన్న నిర్ణయం ఈ అంకెలు చూసి తీసుకోవాలి. అలసట వల్లనో, పై అధికారుల తొందర వల్లనో కాదు.

సముద్రానికి సంబంధించినదే అయినా ఈ సందర్భంలో నేను ఎప్పుడూ గుర్తు చేసుకునే ఉదాహరణ ఒకటుంది. 2009 జూన్ 1న అట్లాంటిక్ సముద్రంలో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం కోసం, మొదటి వారాల్లో నౌకలు దాని రికార్డర్ల (బ్లాక్ బాక్సుల) నుంచి వచ్చే ధ్వని సంకేతాల కోసం విన్నాయి. ఏమీ వినబడలేదు కనుక ఆ మేర విమానం లేదన్న భావన బలపడింది. తర్వాత మెట్రన్ అనే సంస్థ విశ్లేషకులు, ఆ సంకేత పరికరాలు పనిచేయకపోయి ఉండవచ్చునన్న సంభావ్యతను కూడా లెక్కలో చేర్చి పటాన్ని తిరగరాశారు. అత్యధిక సంభావ్యత విమానం చివరిసారి తన స్థానాన్ని తెలిపిన చోటికి దగ్గరగా వచ్చి కూర్చుంది. 2011లో అక్కడ వెతకడం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే, ఏప్రిల్‌లో, శకలాలు సముద్ర గర్భంలో దొరికాయి. రెండేళ్లపాటు వాటిని దాచిపెట్టింది సముద్రం ఒక్కటే కాదు, ‘అక్కడ చూశాం’ అన్న నమ్మకం కూడా.

ఎడారి ఉదంతాలు రెండు చెప్పకుండా ఉండలేను. 1996 జూలైలో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో నలుగురు జర్మన్ పర్యాటకులు కనిపించకుండా పోయారు. వారి వ్యాను అక్టోబరులో యాన్విల్ కాన్యన్ అనే మారుమూల లోయలో దొరికింది. పెద్ద ఎత్తున గాలించినా మనుషుల జాడ తెలియలేదు. 2009 నవంబరులో ఇద్దరు స్వచ్ఛంద కార్యకర్తలు అవశేషాలను కనుగొన్నారు. వారి ఆలోచన సాగిన తీరు పటం చదివే ప్రతి ఒక్కరూ తెలుసుకోదగినది. తమకు తెలిసిన ఎడారిని పక్కన పెట్టి, యూరప్ నుంచి వచ్చిన ఒక కుటుంబం చేతిలోని పటాన్ని ఆ కుటుంబం కళ్లతో చదివారు. ఆ పటం మీద దక్షిణాన చైనా లేక్ అనే సైనిక ప్రాంతపు సరిహద్దు గీత ఉంది. సైనిక స్థావరం అంటే కంచె ఉంటుంది, కాపలా ఉంటుంది, కాపలా ఉంటే సాయం దొరుకుతుంది అని ఆ కుటుంబం అనుకుని ఉంటుందని కార్యకర్తలు ఊహించారు. నిజానికి ఆ గీత దగ్గర మనుషులు లేని ఎడారి తప్ప మరేమీ లేదు. తర్కానికి అందని దిక్కుగా ఇతరులు పక్కన పెట్టిన దక్షిణం, వారి దృష్టితో చూస్తే అన్నింటికంటే తర్కబద్ధమైన దిక్కు. తప్పిపోయినవారు నడిచేది తమ మనసులో ఉన్న పటం మీద. మన దగ్గరున్న మెరుగైన పటం వారి దగ్గర లేదు.

రెండోది 2010 జూన్‌లో జాషువా ట్రీలో జరిగింది. అక్కడ ఒంటరిగా నడకకు వెళ్లిన వ్యక్తి తిరిగి రాలేదు. కారు దొరికింది. మూడు రోజుల తర్వాత ఒక ఉదయం అతని ఫోను ఒకే ఒక్కసారి ఒక టవరును అందుకుంది. సంకేతం ప్రయాణించిన కాలాన్ని బట్టి దూరం సుమారు 17 కిలోమీటర్లని తేలింది. టవరు దూరం చెబుతుందే గాని చోటు చెప్పదు. పటం మీద అది వలయం లాంటి గీత అవుతుంది. ఎత్తుల సమాచారం సాయంతో ఆ టవరుకు సూటిగా కనబడే కొండ వాలులేవో లెక్కగట్టి, ఆ వలయంతో కలిపి చూస్తే గాలించవలసిన నేల చాలా తగ్గుతుంది. ఆ దూరం ఎంత కచ్చితమైనదన్న చర్చ మాత్రం ఏళ్ల తరబడి సాగింది. అధికారిక గాలింపు ముగిశాక కూడా స్వచ్ఛంద కార్యకర్తలు మళ్లీ మళ్లీ వెళ్లి, నడిచిన ప్రతి అడుగునూ జీపీఎస్‌లో నమోదు చేసి, ఆ గీతలన్నింటినీ ఒకే పటం మీద వేసి, ఖాళీలు ఎక్కడున్నాయో చూసుకుంటూ వచ్చారు. అతని అవశేషాలు చివరకు 2022లో దొరికాయి. దాదాపు పన్నెండేళ్ల పాటు ఆ పటాన్ని నిలబెట్టిన ఆ అపరిచితుల ఓర్పుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

ఇక మీకు, మీ విలేకరులకు నా మనవి. ఇలాంటి వార్త రాసేటప్పుడు ఎంతమంది సిబ్బంది, ఎన్ని హెలికాప్టర్లు అన్న లెక్కతో పాటు, ఏ లోయను కాలినడకన చూశారు, ఏ వాలును ఆకాశం నుంచి మాత్రమే చూశారు, ఎంత ఎడంతో నడిచారు, పగటి ఏ వేళలో చూశారు అని అధికారులను అడగండి. వారి దగ్గర జవాబు ఉంటే పాఠకులకు తెలుస్తుంది. లేకపోతే ఆ ప్రశ్న వారి చేత పటం తెరిపిస్తుంది. చివరిసారి కనబడిన చోటు, అనుకున్న దారి, ఆ దారిలోని వాగుల చీలికలు చూపే చిన్న పటం ఒకటి వార్త పక్కన వేయండి. మనిషి ఫొటో చూసి అతన్ని గుర్తుపట్టేవారికంటే, ఆ పటం చూసి ‘ఆ రోజు ఆ వేళ మేమూ అటే నడిచాం’ అని చెప్పగలిగేవారు ఎక్కువ మంది ఉండవచ్చు. వారు ఎవరినీ చూడలేదన్నా సరే, ఏ చోట ఏ వేళ చూడలేదో చెబితే గాలించేవారి పటం మీద ఒక అంకె మారుతుంది.

నడకకు వెళ్లేవారి ఇంటివారికీ ఈ లేఖ ద్వారా ఒక మాట. వెళ్లే మనిషి చేత పటం మీద పెన్సిలుతో దారి గీయించుకోండి. ఏ గంటకు వెనక్కి తిరగాలో దాని పక్కనే రాయించుకోండి. వీలైతే బూటు అడుగు భాగాన్ని ఫొటో తీసి ఉంచుకోండి. ఇసుక వాగులో పొద్దుటి ఏటవాలు వెలుగులో అడుగుజాడలు వెతికేవారికి, వందల జాడల్లో ఏది ఎవరిదో తేల్చి, ఏ చీలికలోకి మళ్లిందో చెప్పగలిగేది ఆ ఒక్క ఫొటోనే.

చివరగా ఒక చిన్న సవరణ కోరుతున్నాను. ఇకమీదట ఇలాంటి వార్తలో ‘జల్లెడ పట్టినా లభించలేదు’ అనే చోట, ‘ఫలానా లోయల్లో ఫలానా విధంగా గాలించారు, ఇంతవరకు కనబడలేదు’ అని రాయించగలరు.

ఇట్లు,
భవదీయుడు,
పటాల పనిలో ఉద్యోగ విరమణ చేసిన ఒక పాఠకుడు